మేమెక్కిన ఏడున్నర బస్సు

ఎక్కేవాళ్ళు లేక బస్సు తీసేశారంటారు. మా స్టేజీ దగ్గర టీ కొట్టులో అంటారు, డిపోలో అంటారు, మా ఆఫీసులో అయితే మధ్యాహ్నం అన్నాలు తిన్నాక పళ్ళు కుట్టుకుంటూ మరీ తీరిగ్గా అంటారు. "మన జనానికి బండి మోజు మేడం. ఎన్ని బస్సులేసినా ఎక్కరు. పర్యావరణం అంటే ఎవడికి పట్టింది?" ఈ మాట అనేవాళ్ళలో సగంమంది ఆ బస్సు ఎక్కి, దాని ఉసురు తీసి, దిగిపోయినవాళ్ళే. అందుకే నాకు ఒళ్ళు మండుతుంది.

ఎక్కేవాళ్ళు లేక పోలేదు ఆ బస్సు. ఎక్కేవాళ్ళు ఎక్కువై పోయింది. ఎవరెక్కారో, ఎందుకెక్కారో, ఎప్పుడు దిగిపోయారో మొదట్నుంచీ చివరిదాకా అందులోనే కూర్చుని చూసినదాన్ని నేను. నోటితో చెప్పబోతే "మేడం మొదలుపెట్టింది" అని తలా ఒక పక్కకి లేచిపోతారు. కాగితమైతే లేచిపోదు గదా, అందుకని రాస్తున్నాను.

అది కారంపూడి నుంచి బయల్దేరి, మా చిన్న ఊళ్ళన్నీ చుట్టుకుంటూ నరసరావుపేట చేరే ఎర్రబస్సు. మా ఊరికి ఏడున్నర ప్రాంతంలో వచ్చేది గనక ఏడున్నర బస్సు. ఒక్కోసారి ఎనిమిదింటికి వచ్చినా అది ఏడున్నర బస్సే. నేను నరసరావుపేటలో ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ దాన్లోనే తిరిగాను. నాకు బండి నడపడం రాదు. మా ఆయన రెండుసార్లు నేర్పబోయాడు. రెండుసార్లూ బండి తోసుకుంటూ ఒకళ్ళం, పది గజాలు ఎడంగా ఇంకొకళ్ళం ఇంటికొచ్చాం. మూడోసారి ఇద్దరం సాహసించలేదు.

ఆ బస్సు నిండేది. కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీయడానికి వెళ్ళే ఆడవాళ్ళ ముఠా ఒకటి ఎక్కేది. వాళ్ళకి పెద్దావిడ ఒకామె ఉండేది, గొంతు విప్పితే డ్రైవరు కూడా సర్దుకుని కూర్చునేవాడు. డిగ్రీ చదివే పిల్లలు ఎక్కేవాళ్ళు. కంటి ఆస్పత్రికి పోయే ముసలివాళ్ళు, కూరగాయల గంపలు. ఎవరి చోటు వాళ్ళకి ఉండేది. రాసిపెట్టింది కాదు, అలవాటు మీద ఏర్పడింది.

అందులో తలుపు పక్కన మొదటి సీటు మా వీధి అమ్మాయిది. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. చేత్తో మోకాలు పట్టుకుని నడుస్తుంది. నరసరావుపేటలో కోర్టు గేటు ఎదురుగా ఉండే టైపు షాపులో పని. దావాలు, అఫిడవిట్లు, వకాల్తా కాగితాలు టైపు చేస్తుంది. ఊళ్ళో అందరూ టైపమ్మాయి అనే అంటారు. ముప్పై దాటాయి, ఇంకా అమ్మాయే. వకీళ్ళకి కోర్టు మొదలయ్యేలోపు కాగితాలు చేతిలో ఉండాలి, కాబట్టి తొమ్మిదింటికల్లా షాపులో కూర్చోవాలి. ఏడున్నర బస్సు సరిగ్గా అందుకు సరిపోయేది. కండక్టరు ఆమె మెట్టు ఎక్కి కూర్చునేదాకా రైట్ అనేవాడు కాదు. ఆలస్యమైతే ముఠా పెద్దావిడ, "ఏమే లాయరమ్మా, తొరగా రా, జడ్జిగారు లేచి నిలబడ్డాడంట నీకోసం" అని కిటికీలోంచి కేకేసేది. ఈ అమ్మాయి నవ్వుకుంటూ, "నిలబడనీ అత్తా, కాలు నొప్పి ఏందో ఆయనక్కూడా తెలుస్తది" అనేది.

ఆ అమ్మాయి ఉండేది అన్నావదినెల దగ్గర. వాళ్ళు చెడ్డవాళ్ళని నేను చెప్పను. "ఇంట్లో కూర్చుంటే మేం పెట్టమా? ఆ కాలేసుకుని ఎందుకమ్మా తిరుగుడు?" అని అన్న అంటుంటాడు. ఆ మాటలో ప్రేమే ఉంది. కానీ ఆ పిల్ల ఒకసారి నాతో అంది, "పిన్నీ, ఆ షాపులో నన్ను అందరూ పని అడుగుతారు. ఇంట్లో అందరూ నాకు పని చెప్పకుండా జాగ్రత్తపడతారు. నాకు షాపే నయం." ఇంతకన్నా వివరంగా నేను చెప్పలేను. ఆ బస్సు ఉన్నన్నాళ్ళు ఆమెకి ఆ షాపు ఉంది. బస్సు పోతే షాపు పోతుంది. ఇది నాకు తెలుసు, కండక్టరుకి తెలుసు, ముఠా వాళ్ళకి తెలుసు. తెలియనివాళ్ళు అప్పటికింకా కార్లలో తిరుగుతున్నారు.

అప్పుడు పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఉద్యోగులు సొంత వాహనాలు తగ్గించాలి, నడిచిగానీ సైకిలు మీదగానీ బస్సులోగానీ ఆఫీసుకి రావాలి, బాగా పాటించిన ఆఫీసుకి రిపబ్లిక్ డే నాడు మెచ్చుకోలు పత్రం ఇస్తారు అని. మా పెద్దసారు మంచివాడు. ఆ సంగతి ఎవరడిగినా చెప్తాను. నిజంగా నమ్మాడు. మర్నాటి నుంచే క్వార్టర్స్ నుంచి సైకిలు మీద రావడం మొదలుపెట్టాడు. క్వార్టర్స్ ఆఫీసు గోడ వెనకాలే అనుకోండి, అయినా సైకిలు సైకిలే. కాకపోతే దారిలో కనపడ్డవాడల్లా బండి ఆపి, "అయ్యో సార్, కారు రిపేరా? ఎక్కండి సార్" అనేవాడు. మా వైపు తెలిసినవాళ్ళు నడుస్తూ కనిపిస్తే బండి ఆపకుండా పోవడం కన్నా పెద్ద అవమానం లేదు. ఆపితే ఎక్కకపోవడం ఇంకా పెద్ద అవమానం. పాపం ఆయన చానాసార్లు సైకిలు అక్కడే గోడకానించి ఎవరి బండి మీదో వచ్చి దిగేవాడు.

మీటింగు పెట్టాడు. అందరి ముందూ నన్ను నిలబెట్టి, "మేడంగారు మొదట్నుంచీ బస్సులోనే వస్తున్నారు. మనందరికీ ఆదర్శం" అన్నాడు.

"ఆదర్శం ఏముంది సార్, నాకు బండి రాదు" అన్నాను.

అందరూ నవ్వారు. కారంపూడి నుంచి కారులో వచ్చే మా సూపరింటెండెంటు, "మేడంగారికి మొగుణ్ణి తిట్టుకోడానికి బస్సులో అయితే నిండా జనం దొరుకుతారు సార్" అన్నాడు.

"మీకు ఆ ఇబ్బంది లేదు గదా అన్నయ్యగారూ, మిమ్మల్ని తిట్టేవాళ్ళు కారులో పక్కసీట్లోనే కూర్చుని వస్తారు" అన్నాను. వాళ్ళావిడ మా పక్క ఆఫీసే. ఈసారి ఆయన్ని చూసి నవ్వారు.

ఆ నవ్వుల్లోనే నేను చెప్పాల్సింది చెప్పాను. "సార్, మా వైపు నుంచి వచ్చే బస్సు ఇప్పటికే నిండి వస్తోంది. ఈ కాంపౌండులో ఆఫీసులన్నీ కలిపితే ఆ దారిన వచ్చేవాళ్ళం ఒక బస్సుకి సరిపడా ఉంటాం. మనకి వేరే బస్సు అడుగుదాం."

"ముందు డిమాండ్ చూపిద్దాం మేడం. మనం ఎక్కితేనే కదా ఇంకోటి వేస్తారు" అన్నాడాయన.

సరే అనేసి కూర్చున్నాను. నేను సరే అన్న మాటలు చానా తక్కువ, అందుకే బాగా గుర్తుంది.

మొదటిరోజు బస్సుకి పూజ చేశారు. కారంపూడిలోనే కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, మామిడాకులు కట్టి, ముందు అద్దానికి పైన పెద్ద బ్యానరు లాగారు. కాలుష్యాన్ని తరిమికొడదాం అని. ఆ బ్యానరు కింద ఊరిపేరు బోర్డు మునిగిపోయింది. దారిలో స్టేజీల్లో నిలబడ్డ జనంలో చానామంది మామిడాకులు చూసి పెళ్ళిబస్సనుకుని చెయ్యి ఎత్తలేదు. మా ముందు ఊళ్ళో ఒక ముసలాయన చేతులు కట్టుకుని, దారిచ్చి, పెళ్ళివారు పోతున్నారని పక్కకి తప్పుకున్నాడట. పాపం ఆయనది ఆ రోజు కంటి ఆపరేషను. మా స్టేజీలో కూడా నేను రోడ్డుకి అడ్డంగా నిలబడితే ఆగింది. కండక్టరు తల బయటపెట్టి, "ఎక్కండి మేడం, మీవాళ్ళే. మగపెళ్ళివారు" అన్నాడు.

లోపలికి వెళ్ళి చూస్తే ఖాళీగా ఉన్న ప్రతి సీటు మీదా ఒక కర్చీఫు.

ఇది తెలియనివాళ్ళకి చెప్పాలి. మా వైపు బస్సులో కర్చీఫు వేస్తే ఆ సీటు అయిపోయినట్టే. కిటికీలోంచి విసిరినా సరే, తువ్వాలు గానీ సంచి గానీ ఆఖరికి ఒక చెప్పు గానీ పడిందంటే దాని మీద ఎవరూ కూర్చోరు. పొలం గట్టు అరచెయ్యి జరిపితే కత్తులు తీసే మనుషులు కూడా ఎవడిదో తెలియని గుడ్డముక్కని తీసి పక్కన పెట్టరు. అది మా మర్యాద. నేను కూడా దాన్ని గొప్పగానే చెప్పుకునేదాన్ని. కారంపూడిలో ఎక్కిన మావాళ్ళు తర్వాతి ఊళ్ళల్లో ఎక్కబోయే మావాళ్ళకోసం కర్చీఫులు, టిఫిను క్యారియర్లు, ఫైళ్ళు, హెల్మెట్లు వేశారు. బస్సులో వస్తూ హెల్మెట్ ఎందుకో నేను ఈనాటికీ అడుగుతున్నాను. సగం సీట్లు ఖాళీగా ఉన్నాయి. మిరపకాయల ఆడవాళ్ళు, పిల్లలు, గంపల వాళ్ళు అందరూ ఆ ఖాళీ సీట్ల పక్కనే కమ్మీలు పట్టుకుని నిలబడ్డారు. ఒక్కళ్ళు కూడా కర్చీఫు తీసి కూర్చోలేదు. మర్యాద.

తలుపు పక్క మొదటి సీటు మీద నీలం గళ్ళ కర్చీఫు. సూపరింటెండెంటుది. టైపమ్మాయి మోకాలు పట్టుకుని మెట్టెక్కి, దాన్ని చూసి, కమ్మీకి ఆనుకుంది.

"ఇది ఎవరిది?" అన్నాను, తెలిసే.

"నాదే మేడం. పక్క ఊళ్ళో మన స్టెనో ఎక్కుతాడు" అన్నాడు సూపరింటెండెంటు వెనక సీట్లోంచి.

"ఎక్కినప్పుడు చూసుకుందాం. ఈ అమ్మాయి కూర్చుంటుంది."

"కూర్చోమనండి, ఎవరు కాదన్నారు? వాడొచ్చాక లేస్తే చాలు."

"ఆమె లేవదు. మీ స్టెనోకి రెండు కాళ్ళున్నాయి."

టైపమ్మాయి నా కొంగు పట్టుకుని, "వద్దులే పిన్నీ" అంది. నేను కర్చీఫు తీసి ఆయన ఒళ్ళో పడేశాను. ఆమె కూర్చుంది. ఆ స్టెనో కుర్రాడు మంచివాడే, ఎక్కి, చూసి, తనే నిలబడ్డాడు. కానీ ఆ రోజు నుంచి ఆమెని చూస్తే మావాళ్ళు, "మేడంగారి చుట్టానికి చోటివ్వండ్రోయ్" అనడం మొదలుపెట్టారు. అంతకుముందు ఆ సీటు ఆమెది. ఇప్పుడు నా దయ. మెట్టెక్కేటప్పుడు ఆమె నా మొహం చూడటం మానేసింది. ఆ తేడా నాకు ఇంటికొచ్చాక అర్థమైంది.

తర్వాత ఘాటు గొడవ వచ్చింది. మిరపకాయల పనికెళ్ళేవాళ్ళ బట్టల్లో, జుట్టులో, చేతిసంచుల్లో ఆ దుమ్ము ఉండనే ఉంటుంది. అందరం మిరప పండించి బతికిన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళమే. మా సూపరింటెండెంటుకి సొంత చేను ఉంది. అయినా వరసగా తుమ్మడం మొదలుపెట్టారు. ఒకాయన మాస్కు తెచ్చుకున్నాడు. ఒకావిడ, "సంచులు పైన పెట్టించండి, లేకపోతే వెనక డోరు దగ్గర నిలబెట్టండి వాళ్ళని" అని కండక్టరుకి చెప్పింది.

ముఠా పెద్దావిడ వెనక్కి తిరిగి, "అమ్మా, కూరలో వేసుకున్నప్పుడు తుమ్ము రాలేదా తల్లీ?" అంది.

"నిన్నెవరన్నారు? కండక్టరుతో మాట్లాడుతున్నా."

"నా సంచి కండక్టరుది గాదుగా. నాదిగా."

నేను పెద్దావిడ పక్షం మాట్లాడబోతే ఆమె నన్నే ఆపింది. "నువ్వు ఊరుకోమ్మా. మా కోసం నువ్వు నోరు చేసుకుంటే మళ్ళీ వాళ్ళతోనే గదా నువ్వు కూర్చుని పనిచేయాల్సింది. మాకెందుకీ గోల? ఇది ఆఫీసోళ్ళ బస్సయింది. మీరెక్కండి."

మర్నాటి నుంచి ఆ ముఠా మొత్తం ఒక సెవెన్ సీటర్ ఆటో మాట్లాడుకుంది. ఏడుగురు పట్టేదాంట్లో లోపల ఎంతమంది, వెనక రేకు మీద ఎంతమంది, డ్రైవరుకి అటూ ఇటూ ఎంతమంది అనేది చూసినవాళ్ళకి తెలుసు. నల్లటి పొగ వదులుకుంటూ మా బస్సుని దాటిపోయేది. మేము కాలుష్యాన్ని తరిమికొట్టే బ్యానరు కట్టుకుని ఆ పొగ పీల్చుకుంటూ వెనకాల వెళ్ళేవాళ్ళం. డిగ్రీ పిల్లలు ఒక్కొక్కళ్ళే ఇంట్లో గొడవచేసి బండ్లు కొనిపించుకున్నారు. "బస్సులో చోటుండట్లేదు నాన్నా" అనేది వాళ్ళకి దొరికిన బంగారంలాంటి సాకు, పైగా నిజం కూడా.

మా పెద్దసారు పైకి ఫోటోలు పంపుతున్నాడు. బస్సెక్కుతున్న ఉద్యోగులు, బస్సులో ఉద్యోగులు, బస్సు దిగుతున్న ఉద్యోగులు.

ఇక అసలు దెబ్బ. ఏడున్నర బస్సు నరసరావుపేటకి తొమ్మిదిలోపే వెళ్ళిపోతుంది. మా ఆఫీసులు తెరిచేది ఆ తర్వాతెప్పుడో. నేను ఇన్నేళ్ళూ ఆ ఖాళీ సమయంలో టిఫిను తిని, పేపరు చదివి, సీట్లో కూర్చునేదాన్ని. మావాళ్ళకి ఆ ఖాళీ భరించరానిదయింది. "ఇంత పెందలాడే వెళ్ళి వాచ్‌మెన్‌తో కబుర్లు చెప్పాలా?" అని సణుగుడు. ఒక సోమవారం నేను, టైపమ్మాయి స్టేజీలో నిలబడ్డాం. ఏడున్నర అయింది, ఎనిమిదయింది. చివరికి తీరిగ్గా వచ్చింది బస్సు.

"ఏంది అన్నా, బ్రేక్‌డౌనా?" అన్నాను.

కండక్టరు నా మొహం చూడకుండా, "టైము మార్చారు మేడం. ఇంకనుంచి ఇంతే. మీవాళ్ళు అడిగారంటగా" అన్నాడు.

ఆ రోజు ఆమె షాపుకి వెళ్ళేసరికి ఒక వకీలుగారు కాగితాలు పక్క షాపులో టైపు చేయించుకుని వెళ్ళిపోయారు.

నేను తిన్నగా పెద్దసారు గదికి వెళ్ళాను. సంగతి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. శ్రద్ధగా వినేవాళ్ళతో పోట్లాడటం మహా కష్టం.

"ఒక్క అమ్మాయి కోసం మొత్తం సర్వీసు మార్చలేం కదా మేడం. ఎక్కువమంది సౌకర్యం చూడాలి."

"ఎక్కువమంది మనం కాదు సార్. వాళ్ళు. మనం వచ్చాక వాళ్ళు దిగిపోతే మనం ఎక్కువైనట్టు కనబడుతున్నాం."

"మీరు ప్రతిదీ వాదనగా చూస్తారు."

"వాదనే సార్. ఎంతమంది కారు దిగారో మీరు రాస్తున్నారు. బస్సు దిగి ఆటోలూ బండ్లూ ఎక్కినవాళ్ళని కూడా రాయండి. అప్పుడు ఎంత పొగ తగ్గిందో చూద్దాం."

ఆయన బల్ల మీది కాగితం ఇంకోసారి చదివి, "సర్క్యులర్‌లో ఉద్యోగుల గురించే అడిగారు మేడం" అన్నాడు. ఎగతాళి లేదు. నిజంగానే అంతే అడిగారు. టైము మార్చమని ఎవరడిగారంటే, డిపోవాళ్ళు మా కాంపౌండు పేరు చెప్పారు, కాంపౌండులో ప్రతి ఆఫీసూ పక్క ఆఫీసు పేరు చెప్పింది.

టైపమ్మాయి కొన్నాళ్ళు ఆటోలో ప్రయత్నించింది. ముఠా పెద్దావిడే తన చోటిచ్చింది. కానీ ఆ ఆటోలో కూర్చోవడమంటే కాళ్ళు మడిచి ఒకళ్ళ మోకాళ్ళ మధ్య ఇంకొకళ్ళు ఇరుక్కోవడం. ఆమె కాలు మడవడానికి రాదు. చాచితే ఎదుటివాళ్ళకి చోటు లేదు. దిగేసరికి ఆ కాలు మొద్దుబారిపోయేది, కాసేపు రోడ్డు మీద ఎవరినో పట్టుకుని నిలబడాల్సొచ్చేది. "నాకేం గాదు అత్తా" అంటూనే ఉండేది. ఒకరోజు ముఠావాళ్ళు తనకోసం ఇద్దరిని రేకు మీద కూర్చోబెట్టడం చూసింది. మర్నాటి నుంచి ఆటోకి రాలేదు. షాపాయన కూడా నెమ్మదస్తుడే. "కాలు బాగయ్యాక రామ్మా" అన్నాడట. కాలు ఎప్పటిదో ఆయనకి తెలియదా? వేరే అమ్మాయిని పెట్టుకున్నాడు. ఆమెకి స్కూటీ ఉంది.

మాకు మెచ్చుకోలు పత్రం వచ్చింది. జెండా పండగనాడు పెద్దసారు వేదిక మీద అందుకున్నాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. నేను కూడా కొట్టాను, చేతులు వాటంతటవే కొట్టాయి. ఆ తర్వాత కొద్దికాలానికే ఆయనకి బదిలీ అయింది. ఎండలు ముదిరాయి. మా ఎండల సంగతి తెలిసిందే, మాఘమాసం దాటగానే రోడ్డు మీద పొయ్యి పెట్టినట్టుంటుంది. ముందు సూపరింటెండెంటుకి నడుమునొప్పి వచ్చింది. కారులో అయితే రాదు ఆ నొప్పి. ఆయన వెనక ఒకళ్ళకి పిల్లల పరీక్షలు, ఒకళ్ళకి మామగారి ఆరోగ్యం, ఒకళ్ళకి "ఆ ఉడుకులో ఎట్లా మేడం" అని. ఒక నెల తిరిగేలోపు బస్సులో నేను, డ్రైవరు, కండక్టరు, ఒక కోళ్ళబుట్ట మిగిలాం. కోళ్ళబుట్టాయన కూడా మధ్యలోనే దిగేవాడు.

అప్పుడు డిపోవాళ్ళు చూసి, కలెక్షన్ లేదని తీసేశారు.

నేను ఊరుకోలేదు. డిపోకి వెళ్ళాను. అక్కడ కూర్చున్నాయన ఫ్యాను కింద చెమట తుడుచుకుంటూ, "ఖాళీ బస్సు తిప్పితే డీజిలు దండగ గదమ్మా. అదీ పొల్యూషనేగా" అన్నాడు. ఆయన్నేమనను? ఆయన చెప్పిందీ నిజమే. "పాత టైముకి వెయ్యండి, పాతవాళ్ళు వస్తారు" అన్నాను. "ఎంతమంది వస్తారో సంతకాలు పెట్టించుకురండి" అన్నాడు.

ఊరూరా తిరిగాను. డిగ్రీ పిల్లలు ముగ్గురేసి ఒక బండి మీద కూర్చుని, "మాకెందుకాంటీ బస్సు?" అన్నారు. ముఠా పెద్దావిడ మొహమాటం లేకుండా చెప్పేసింది. "మళ్ళీ వేస్తారు, మేం ఎక్కుతాం, రేపు ఇంకో కాగితం వస్తది, మళ్ళీ మీవాళ్ళొచ్చి గుడ్డలు పరుస్తారు. ఆటోవాడు రానని మొండికేస్తే ఎవరు తీసకపోతారు మమ్మల్ని? వాడికి కోపం తెప్పించను తల్లీ." నేను చదువుకున్నదాన్ని, వాదనకి ఊళ్ళో పేరున్నదాన్ని. ఆమె ముందు సంతకాల కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. ముసలివాళ్ళు మాత్రం అడిగిన వెంటనే వేలిముద్రలు వేశారు. ఆ కాగితం చూసి డిపోలో ఆయన, "ఇది సరిపోదమ్మా" అన్నాడు.

ఇప్పుడు నేను ఎట్లా వెళ్తున్నానంటారా? సూపరింటెండెంటు కారులో. వేరే దారి లేదు. వెనక సీట్లో నేను, వాళ్ళావిడ. ఏసీ వేసి, అద్దాలు ఎత్తి, "చూశారా మేడం, ఇదీ షేరింగే, ఇదీ గ్రీనే" అంటాడాయన. నేను కిటికీలోంచి చూస్తాను. మా స్టేజీలో సిమెంటు బల్ల మీద ఎవరో మిరపకాయలు ఎండబోశారు. కారు మా ఇంటి ముందే ఆగుతుంది, అక్కడ ఆగదు గనక అడ్డమేమీ లేదు.

మొన్న ఒక ఆదివారం టైపమ్మాయిని చూడటానికి వెళ్ళాను. వరండాలో కుర్చీలో కూర్చుని అన్నకొడుకు చేత ఎక్కాలు చెప్పిస్తోంది. నన్ను చూసి, "రా పిన్నీ" అని లేవబోయింది. లేవనివ్వలేదు. వదిన కాఫీ తెచ్చి, "ఇప్పుడు హాయిగా ఉందమ్మా, ఆ తిరుగుడు తప్పింది" అంది. నిజంగా సంతోషంతోనే అంది. టైపమ్మాయి కాఫీ గ్లాసు అందుకుని పిల్లవాణ్ణి ఆరో ఎక్కం మొదలుపెట్టమంది.

వదిన లోపలికెళ్ళాక, "ఆడవాళ్ళకి బస్సు టికెట్ లేదంటగా ఇప్పుడు?" అంది.

"అవును. ఊరికే ఎక్కొచ్చు."

"మంచిదే" అంది. గ్లాసు కింద పెట్టి, "ఏ బస్సు వచ్చినా తలుపు పక్కనే కూర్చోవాలి పిన్నీ. వెనకాలయితే కుదుపు" అంది, రేపు పొద్దున్నే ఎక్కబోతున్నట్టు.

మూడు చక్రాల స్కూటరుకి అర్జీ పెట్టుకుందట. వస్తుందో రాదో తెలియదు. వస్తే పెట్రోలు బండి. ఇన్నేళ్ళూ ఒక్క పెట్రోలు చుక్క తగలెయ్యకుండా ఉద్యోగానికి వెళ్ళొచ్చిన మనిషిని మా పథకం తీసుకొచ్చి పెట్రోలు బండి కోసం ఎదురుచూసే దగ్గర నిలబెట్టింది. ఆమె చేతుల వంక చూశాను. పిల్లవాడు ఏడో ఎక్కం చెప్తుంటే ఆమె వేళ్ళు కుర్చీ చెక్క మీద కొడుతున్నాయి, టకటకమని, తప్పుల్లేకుండా, ఏ అఫిడవిట్టో మరి.

నిన్న ఆఫీసులో మళ్ళీ మీటింగు. కొత్తగా వచ్చినాయన కుర్రవాడు, చురుకైనవాడు. కొత్త సర్క్యులర్ చదివాడు. వచ్చే సోమవారం నుంచి ఉద్యోగులంతా బస్సులోగానీ సైకిలు మీదగానీ రావాలట. మా వైపు పొద్దున పూట మిగిలింది ఒకే ఒక్క బస్సు, గురజాల పక్క నుంచి తిరిగొచ్చేది, మెయిన్ రోడ్డు దాకా గంటసేపు నడిచిపోయి ఎక్కాలి. అందులోనూ ఎవరో ఉంటారు. కూలివాళ్ళో, చదువుకునే పిల్లలో, తలుపు పక్క సీట్లో ఎవరో. వాళ్ళెవరో నాకు తెలియదు. సూపరింటెండెంటు అప్పుడే ఆ బస్సు టైము కనుక్కుంటున్నాడు.

"ఎవరికైనా సందేహాలున్నాయా?" అన్నాడు కొత్తసారు. పక్కన ఎవరో "మేడం మొదలుపెడుతుంది చూడు" అని గొణిగారు. నేను లేచాను. అడిగాను. ఆయన నవ్వి, "మంచి పాయింట్ మేడం, తర్వాత మాట్లాడదాం" అని తర్వాతి అంశానికి వెళ్ళిపోయాడు. తర్వాత ఇంకా రాలేదు. అందుకని ఇక్కడ మళ్ళీ అడుగుతున్నాను, జవాబు తెలిసినవాళ్ళు ఎవరైనా సరే చెప్పండి. మమ్మల్ని బస్సెక్కమంటున్నారు, ఎక్కుతాం. ఈసారి ఎవరిని దింపి ఎక్కమంటారు?